పోగ్సన్ తార: మద్రాసు నుండి బేగంపేట వరకు

జూన్ నెలాఖరున, వాన మబ్బులు లేని రాత్రి 10 గంటల ప్రాంతంలో సికింద్రాబాదులోని ఏ మేడమీదనైనా నిలిచి దక్షిణ దిక్కుకు తిరిగి చూడండి. వృశ్చిక రాశి నిలువునా కనబడుతుంది. అందులో ఎర్రగా మెరిసే తార జ్యేష్ఠ. దానికి కుడి పక్కన, కొంచెం పైగా, ఒకదాని కింద ఒకటిగా నిలిచిన మూడు తారలు అనూరాధ. ఈ మూడింటిలో పై తారకు కొంచెం ఎడమగా, మరికొంచెం పైగా చూపు నిలపండి. అక్కడ మీకు ఏమీ కనబడదు. కనబడకపోవడమే సహజం. ఆ చోట ఉన్న తార, మన కంటికి అందే అతి మసక తారకంటె కూడ సుమారు 60 వేల రెట్లు మసకైనది.

అయినప్పటికీ ఆ ఖాళీ చోటుకు మన ప్రాంతంతో ఒక సంబంధం ఉన్నది. ఆ తారను మొదట చూచినది మద్రాసు వేధశాలలో. ఆకాశంలో అది ఉన్న పట్టీని ఛాయాచిత్రాలు తీసే పని తరువాత మన బేగంపేట వేధశాలకు వచ్చినది. దాని స్వభావం తెలియడానికి నూరు సంవత్సరాలకు పైగా పట్టినది. అంత కాలం ఎందుకు పట్టినదో, ఆ నడుమ ఎన్ని అవకాశాలు జారిపోయినవో తెలిపే చరిత్ర ఇది.

చెన్నపట్నపు రాత్రులు

మద్రాసు వేధశాల 1792లో నుంగంబాకంలో వెలసినది. దాని గ్రానైటు స్తంభం మీద శంకుస్థాపన వివరాలు లాటిన్‌తో పాటు తమిళంలోను, తెలుగులోను కూడ చెక్కించారు. ఆ వేధశాలకు 1861లో అధిపతిగా వచ్చినవారు నార్మన్ రాబర్ట్ పోగ్సన్. 1829లో ఇంగ్లాండులోని నాటింగ్‌హాంలో పుట్టిన పోగ్సన్, మద్రాసుకు రాకముందే శాస్త్రలోకానికి ఒక చక్కని కొలబద్దను ఇచ్చి ఉన్నారు.

ప్రాచీనులు కంటికి కనబడే తారలను వెలుగును బట్టి ఆరు తరగతులుగా విభజించారు. మిక్కిలి కాంతివంతమైనవి మొదటి తరగతి. కంటికి అందీ అందనివి ఆరవ తరగతి. 1856లో పోగ్సన్ ఒక సూచన చేశారు. మొదటి తరగతి తార ఆరవ తరగతి తారకంటె సరిగా 100 రెట్లు కాంతివంతమని నిర్ణయించుకుందాము. అప్పుడు ఒక తరగతికి, దాని తరువాతి తరగతికి మధ్య భేదం 2.512 రెట్లు అవుతుంది. 2.512ను అయిదు మార్లు హెచ్చవేస్తే 100 వస్తుందని విద్యార్థులు స్వయంగా లెక్క కట్టి చూచుకొనవచ్చును. నేటికీ ప్రపంచంలోని ఖగోళ శాస్త్రజ్ఞులందరు వాడుతున్నది ఈ కొలబద్దనే.

మద్రాసుకు వచ్చిన కొద్ది వారాలకే, 1861 ఏప్రిల్ 17న, పోగ్సన్ ఒక చిన్న గ్రహాన్ని కనుగొన్నారు. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొదటి చిన్న గ్రహం అదే కనుక దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టారు. మారే తారలంటే ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి. కొన్ని తారల వెలుగు ఒకే తీరున నిలవక హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. అట్టివాటిని చరతారలని అంటారు. ఏ రాత్రి ఏ తార ఎంత వెలుగులో ఉన్నదో చుట్టుపక్కల తారలతో పోల్చి రాసిపెట్టడం ఆయన నిత్యకృత్యం.

1863 మే 20వ తేదీ రాత్రి వృశ్చిక రాశిలో, మనం ఇందాక చూపు నిలిపిన చోట, సుమారు 9వ తరగతి వెలుగుతో ఒక కొత్త తార ఆయన కంట పడినది. దూరదర్శినికి అది సులభంగానే అందినది. కాని రోజులు గడిచే కొద్దీ మసకబారి, కొన్ని వారాలలో ఆయన పరికరానికి అందకుండా పోయినది. ఒక రాశిలోని చరతారలకు ఆర్, ఎస్, టి, యు అని వరుసగా రోమను అక్షరాలు తగిలించడం అప్పటి పద్ధతి. వృశ్చికంలో ఇది నాలుగవది కనుక దీనికి యు అక్షరం దక్కినది. అందుచేత దీనిని ‘యు స్కార్పియై’ అంటారు. ఈ వ్యాసంలో మనం దానిని పోగ్సన్ తార అని పిలుచుకుందాము.

ఆ రాత్రి పోగ్సన్ చూచినది ఏమిటో ఆయనకు తెలియదు. తెలుసుకొనే సాధనం కూడ అప్పటికి లేదు. ఆయన చేయగలిగినది ఒక్కటే: తేదీ, చోటు, వెలుగు ఈ మూడింటిని తప్పు లేకుండా రాసిపెట్టడం. ఆ పని ఆయన చేశారు.

సహాయకుడు కనుగొన్న మహాతార

ఆ వేధశాలలోనే ప్రథమ సహాయకులుగా చింతామణి రఘునాథాచారి గారు పనిచేస్తూ ఉండేవారు. వారిది పంచాంగాలు గుణించే కుటుంబం. 1867లో రఘునాథాచారి గారు ఆకాశపు దక్షిణ భాగంలోని రెటిక్యులం అనే చిన్న తారామండలంలో ఒక చరతారను కనుగొన్నారు. ఆ మండలంలో అది మొదటి చరతార కనుక దాని పేరు ‘ఆర్ రెటిక్యులి’. మన దేశస్థులు ఆధునిక పరికరాలతో కనుగొన్న తొలి చరతారగా దీనిని చెప్పుకుంటారు.

తెలుగువారు వారిని తలచుకొనడానికి మరొక కారణం కూడ కలదు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా సాగినది. మద్రాసు వేధశాల రెండు బృందాలను పంపినది. పోగ్సన్ మచిలీపట్నం వెళ్లగా, నిజాం రాజ్యంలోని వనపర్తిలో పరిశీలన బాధ్యత రఘునాథాచారి గారికి అప్పగించారు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డువచ్చే సందర్భంలో, ఆ సంగతి సామాన్యులకు అర్థమయ్యేటట్లు ఒక చిన్న పుస్తకం రాసి దేశభాషలలో వెలువరించారు. పంచాంగ గణితం కంటితో చూచిన ఆకాశంతో సరిపోవలెనని వాదించిన వారిలో వారొకరు. 1880లో కన్నుమూశారు.

ఇక్కడ ఒక విశేషం గమనించవలసి ఉన్నది. రఘునాథాచారి గారు కనుగొన్న ఆర్ రెటిక్యులి వయసు మీరి, ఉబ్బి, ఎరుపెక్కిన మహాతార. సుమారు 278 రోజులకు ఒకమారు దాని వెలుగు హెచ్చి తగ్గుతుంది. పోగ్సన్ కనుగొన్న తార వెలుగుకు కారణం అందుకు పూర్తిగా భిన్నమైనది. అది ఆరిపోయి కుదించుకుపోయిన ఒక చిన్న తార చేసిన పని. తార జీవితంలోని రెండు చివరి అంకాలు, ఉబ్బిన మహాతార ఒకటి, కుదించుకుపోయిన కుబ్జతార మరొకటి, నాలుగేళ్ల వ్యవధిలో ఒకే వేధశాల నోటు పుస్తకాలకు ఎక్కినవి. ఈ రెండు అంకాలకు సంబంధం ఉన్నదని గాని, రెండూ ఒకే జంటగా తిరగవచ్చునని గాని అప్పుడు ఎవరికి తెలుసు?

అచ్చుకాని పుస్తకాలు

పోగ్సన్ మద్రాసులో 30 సంవత్సరాలు పనిచేసి 1891లో అక్కడే మరణించారు. కూతురు ఐసిస్ కూడ 1873 నుండి ఆ వేధశాలలోనే సహాయకురాలిగా ఉండేవారు. సిబ్బంది కొద్దిమంది, పని కొండంత. చరతారల మీద ఆయన రాసి పెట్టిన పరిశీలనలు ఆయన బ్రతికి ఉండగా పూర్తిగా అచ్చు కాలేదు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారు 1908లో గాని వాటిని వెలువరించలేదు. ఈలోపల 1899లో వేధశాలలోని ప్రధానమైన పని కొడైకెనాల్‌కు తరలిపోయినది. అక్కడ సూర్యుని పరిశీలనే ముఖ్యమైనది.

పోగ్సన్ తార ఉన్న చోటును ఆ పిమ్మట పట్టుదలతో గమనించినవారు లేరు. ఒకమారు వెలిగి ఆరిపోయిన తారను మరల ఎవరు చూస్తారు? ఇట్టి తారలను నోవాలని, అనగా కొత్త తారలని పిలిచేవారు. కొత్తగా పుట్టినది కాబట్టి వెలిగినదని కొందరు, రెండు తారలు ఢీకొన్నవని కొందరు అనుకొనే రోజులవి.

1866 మే నెలలో ఉత్తర కిరీటమనే తారామండలంలో మరొక తార ఉన్నట్టుండి రెండవ తరగతి వెలుగుతో ప్రకాశించినది. దీని పేరు ‘టి కరోనే బొరియాలిస్’. ఐర్లండులో జాన్ బర్మింగ్‌హాం మే 12న దీనిని చూచారు. నాలుగు రోజులలో విలియం హగ్గిన్స్ తన వర్ణపట దర్శినిని దానివైపు తిప్పి చూడగా, ఉదజని వాయువు ప్రకాశవంతమైన గీతలు కనబడినవి. ఆ తార చుట్టూ హైడ్రోజన్, అనగా ఉదజని, మిక్కిలి వేడెక్కి వెలుగుతున్నదని తేలినది. నోవాలకు సంబంధించిన మొదటి గట్టి ఆధారం అదే. పోగ్సన్ తారకు కేవలం మూడేళ్ల తేడాలో ఆ భాగ్యం దక్కలేదు.

హైదరాబాదు వంతు

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తమ ఆవరణలో ఒక వేధశాల నెలకొల్పారు. 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించారు. వారి మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు మార్చినది. అదే నిజామియా వేధశాల. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినది.

ఆ కాలంలో ప్రపంచ వేధశాలలన్నీ కలిసి ఒక మహాకార్యం తలపెట్టి ఉన్నవి. ఆకాశమంతటిని ఛాయాచిత్ర ఫలకాల మీదకు ఎక్కించి, 11వ తరగతి వరకు గల తారలన్నిటి స్థానాలు కొలిచి పట్టిక వేయడం దాని లక్ష్యం. 1887లో పారిస్‌లో ఈ ఏర్పాటు జరిగినది. ఆకాశాన్ని అడ్డంగా పట్టీలుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ పంచారు. దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ మొదట చిలీ దేశంలోని సాంటియాగోకు వచ్చినది. వారు నిర్వహించలేకపోవడంతో అది హైదరాబాదుకు దక్కినది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తరువాత 1918 నుండి 1944 వరకు టి. పి. భాస్కరన్ గారు అధిపతులుగా ఈ పని నడిపించారు. 8 అంగుళాల ఛాయాచిత్ర దూరదర్శినితో ఫలకాలు తీసి, ప్రతి చుక్కనూ సూక్ష్మదర్శిని కింద కొలిచి, 12 సంపుటాలలో 7 లక్షల 63 వేలకు పైగా తారల స్థానాలను అచ్చువేశారు. ఈ సంఖ్య వెనుక పేర్లు తెలియని ఎందరు గణకుల కన్నులు ఉన్నవో ఊహించవలసినదే.

పోగ్సన్ తార దక్షిణ క్రాంతి దాదాపు 18 డిగ్రీలు. అనగా అది సరిగా హైదరాబాదు పట్టీలోనే ఉన్నది. మన వేధశాల ఆ పట్టీని ఛాయాచిత్రాలు తీస్తున్న కాలంలోనే, 1917లో, ఆ తార మరల ఒకమారు రేగినట్లు నేడు మనకు తెలుసు. అయితే ఆ వెలుగు ఉచ్చస్థితిలో నిలిచేది ఒకటి రెండు రోజులే. మూడు రోజులు గడిచేసరికి వెలుగు మూడు తరగతులు పడిపోతుంది. పోగ్సన్ కొలబద్ద ప్రకారం 2.512ను మూడు మార్లు హెచ్చవేయండి, పదహారు వస్తుంది. మూడు రోజులలో వెలుగు పదహారవ వంతుకు దిగిపోతుందన్న మాట. ఒక్కొక్క చోటును ఒకటి రెండు మార్లు మాత్రమే ఛాయాచిత్రం తీసే పథకానికి అట్టి అతిథి చిక్కడం అరుదు. మిగిలిన కాలమంతా ఆ తార 18వ తరగతి వెలుగుతో, ఆ ఫలకాలకు అందనంత అడుగున ఉంటుంది.

ఫలకాలలో దాగిన తేదీలు

చిక్కుముడి విప్పినది అమెరికాలోని హార్వర్డ్ వేధశాల. వారి పద్ధతి వేరు. ఒక్కొక్క చోటును ఒకమారు కాక, ఏటేటా, నెలనెలా మరల మరల ఛాయాచిత్రం తీసి ఆ గాజు ఫలకాలను భద్రపరిచారు. 1940లో హెలెన్ థామస్ ఆ పాత ఫలకాలను తిరగవేసి, పోగ్సన్ తార 1906లోను, 1936లోను మరల వెలిగినదని కనుగొన్నారు. అనగా 77 సంవత్సరాల వరకు, అది ఒక్కమారు వెలిగి ఆరిపోయినదని అందరూ అనుకొన్నారు. అది మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉన్నది.

ఆ పిమ్మట పాత ఫలకాలను, పరిశీలకుల నోటు పుస్తకాలను వెతకగా 1917, 1945, 1969 తేదీలు కూడ బయటపడినవి. 1979, 1987, 1999, 2010, 2022 సంవత్సరాలలో అది రేగినప్పుడు వెంటనే చూచారు. ఈ వరుసను విద్యార్థులు ఒక కాగితం మీద రాసి, నడుమ ఉన్న ఏండ్లను లెక్కించండి. ఎక్కువ భాగం 8 నుండి 12 సంవత్సరాల వ్యవధి కనబడుతుంది. కాని 1863కు, 1906కు నడుమ 43 సంవత్సరాల ఖాళీ ఉన్నది. ఆ తార అంతకాలం ఊరక ఉన్నదని నమ్మడం కష్టం. మూడు నాలుగు మార్లయినా వెలిగి ఉండవలెను. ఆ వైపు ఎవరూ చూడలేదు. మరొక అడ్డంకి కూడ కలదు. ఏటా అనూరాధ కార్తెలో సూర్యుడు ఆ ప్రాంతానికే చేరుతాడు. ఆ వారాలలో తార రేగినా సూర్యకాంతిలో మరుగున పడిపోతుంది.

జంట రహస్యం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఒకే తార మరల మరల ఎందుకు రేగుతుంది? తారే పేలిపోతే రెండవమారు పేలడానికి ఏమి మిగులుతుంది?

1949లో రోస్కో శాన్‌ఫర్డ్, మనం ముందు చెప్పుకొన్న టి కరోనే తార వర్ణపటాన్ని పరిశీలించి, అది ఒక తార కాదని, 228 రోజులకు ఒకమారు పరస్పరం చుట్టుకొనే జంట అని చూపారు. 1954లో మెర్ల్ వాకర్, 1934లో వెలిగిన మరొక నోవా కూడ జంటయేనని, అందులో ఒక తార మరొకదానికి 4 గంటల 39 నిమిషాలకు ఒకమారు అడ్డువస్తున్నదని కనుగొన్నారు. రాబర్ట్ క్రాఫ్ట్ 1964 నాటికి, జంటగా ఉండడం నోవాలన్నిటి లక్షణమని శాస్త్రజ్ఞులను ఒప్పించారు.

జంటలోని ఇద్దరూ ఎవరు? తార తన నడిమి భాగంలోని ఉదజనిని మండించుకుంటూ చిరకాలం నిలకడగా ఉంటుంది. అక్కడ ఉదజని అయిపోగానే కేంద్రం కుంచించుకుపోతుంది. పై పొరలు ఉబ్బి చల్లబడి ఎర్రబారుతవి. ఇదే అరుణ మహాతార. తుదకు పై పొరలు అంతరిక్షంలోకి చెదరిపోగా, మిగిలిన కేంద్రం భూమి అంత పరిమాణం గల తెల్లని గోళమవుతుంది. దీనిని శ్వేత కుబ్జతార అంటారు. సూర్యుని వంటి తార బరువు భూమి అంత చోటులో ఇమిడి ఉండడం వలన అక్కడి పదార్థం ఒక చెంచాడు అనేక టన్నులు తూగుతుంది. సిరియస్ తార పక్కన ఇట్టి కుబ్జతారను ఆల్వన్ గ్రాహం క్లార్క్ 1862లో చూచారు. పోగ్సన్ తార కనబడడానికి అది ఒక ఏడాది ముందు.

జంటలో పెద్దది ముందుగా వయసు మీరి కుబ్జతారగా మారుతుంది. తరువాత రెండవది ఉబ్బడం ప్రారంభిస్తుంది. టి కరోనేలో ఆ రెండవది పూర్తి మహాతార. పోగ్సన్ తారలోని రెండవది ఇంకా అంత పెద్దది కాలేదు. మహాతార దశకు పోయే దారిలో ఉన్నది. అయినా జంట మిక్కిలి దగ్గరగా, 1.23 రోజులకు ఒక చుట్టు చొప్పున తిరుగుతున్నది కనుక ఆ ఉబ్బు సరిపోతుంది. ఉబ్బిన తార పై పొరలోని ఉదజనిని కుబ్జతార గురుత్వాకర్షణ లాగుకొంటుంది. ఆ వాయువు సుడి తిరుగుతూ వచ్చి కుబ్జతార మీద పొరగా పేరుకుంటుంది.

అన్నం ఉడికే గిన్నె మీద మూత ఆవిరికి లేచి పడుతూ ఉండడం మనం ఎరిగినదే. మూత లేవడం వలన లోపలి ఒత్తిడి తగ్గుతుంది. సాధారణమైన తారలోని వాయువు కూడ వేడెక్కితే వ్యాకోచించి చల్లబడుతుంది. కాని కుబ్జతార మీద నలిగిపోయిన పదార్థానికి ఈ గుణం లేదు. అడుగు పొర వేడెక్కినా వ్యాకోచించదు, మూత లేవదు. వేడి సుమారు రెండు కోట్ల డిగ్రీలకు చేరేసరికి ఉదజని హీలియంగా మారే చర్య రాజుకుంటుంది. అది వేడిని పెంచుతుంది. వేడి చర్యను పెంచుతుంది. తుదకు పొర అంతా ఒక్కసారిగా పొంగి, సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో చిమ్మబడుతుంది. పాలు పొంగి పొర్లినా గిన్నె పొయ్యి మీదనే ఉన్నట్లు, జంట మాత్రం చెక్కు చెదరకుండా నిలుస్తుంది. మరునాటి నుండి మరల పొర పేరుకుంటుంది. పోగ్సన్ తార 18వ తరగతి నుండి 7.5 తరగతి వరకు ఎగబాకుతుంది. భేదం పదిన్నర తరగతులు. అనగా సుమారు 16 వేల రెట్లు.

మద్రాసు విద్యార్థి గీసిన గీత

చాలా నోవాలకు రెండు విస్ఫోటనాల మధ్య వేల సంవత్సరాలు పడుతుంది. పోగ్సన్ తారకు పదేండ్లు చాలు. కారణం దాని కుబ్జతార మిక్కిలి బరువైనది. కుబ్జతార బరువెక్కే కొద్దీ చిన్నదవుతుంది. దాని ఆకర్షణ పెరుగుతుంది. కొద్దిపాటి పొరకే అడుగున ఒత్తిడి చాలినంత వచ్చి నిప్పు రాజుకుంటుంది.

కుబ్జతార ఎంత బరువు వరకు నిలువగలదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్. 1930లో, 19 సంవత్సరాల వయసులో, ఇంగ్లాండుకు ఓడలో వెళుతూ ఆయన లెక్క మొదలుపెట్టారు. సూర్యుని బరువుకు సుమారు 1.4 రెట్లు మించితే కుబ్జతార నిలువజాలదని తేల్చారు. 1983లో నోబెల్ బహుమతి ఆయనను వరించినది. ఆ కళాశాలకు, పోగ్సన్ నిలిచి తార చూచిన నుంగంబాకానికి నడుమ దూరం కొద్ది మైళ్లే. పోగ్సన్ తారలోని కుబ్జతార ఈ అవధికి మిక్కిలి సమీపంలో ఉన్నదని నేటి కొలతలు చెబుతున్నవి.

ఇందువలన ఒక గొప్ప ప్రశ్న పుట్టినది. ప్రతి పొంగులోను కుబ్జతార తాను పేర్చుకొన్న దానికంటె ఎక్కువ పోగొట్టుకుంటున్నదా, తక్కువా? తక్కువ పోగొట్టుకుంటే అది క్రమంగా బరువెక్కి, ఒకనాడు చంద్రశేఖర్ అవధిని తాకి సూపర్‌నోవాగా సమూలంగా పేలిపోవచ్చును. ఎక్కువ పోగొట్టుకుంటే ఆ ప్రమాదం లేదు. అమెరికాలో బ్రాడ్లీ షేఫర్ 1990లో, ఈ జంటలో ఒక తార మరొకదానిని గ్రహణం పట్టిస్తున్నదని కనుగొన్నారు. గ్రహణాల వేళలను ఏండ్ల తరబడి కొలిస్తే కక్ష్యాకాలం ఎంత మారినదో తెలుస్తుంది. దానిని బట్టి ఎంత పదార్థం పోయినదో లెక్క కట్టవచ్చును. ఈ లెక్క మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదం ఇంకా ముగియలేదు.

గ్రహణాలతో జంట తారలను పరీక్షించే విద్య మన ప్రాంతానికి కొత్తది కాదు. నగరపు దీపాల వెలుగు బేగంపేటను కమ్ముకొనగా, 1960లో వేధశాల అధిపతిగా వచ్చిన కె. డి. అభ్యంకర్ గారి పూనికతో ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్-రంగాపూర్ గ్రామాల వద్ద 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పినది. 1968 చివర అది పని ప్రారంభించినది. అక్కడి ముఖ్యమైన పని గ్రహణాలు పట్టే జంట తారల పరిశీలనయే.

బేగంపేట నుండి మరొక దారి కూడ సాగినది. నిజామియా వేధశాలలో పనిచేసిన ఎం. కె. బాపు గారి కుమారుడు వేణు బాపు హైదరాబాదులోనే పెరిగి, నిజాం కళాశాలలో చదివి, ఆ తరువాత మద్రాసు వేధశాలకు వారసురాలైన కొడైకెనాల్ సంస్థకు అధిపతి అయ్యారు. తమిళనాడులో కావలూరు వేధశాలను స్థాపించారు. 1999లో పోగ్సన్ తార రేగినప్పుడు కావలూరు నుండి జి. సి. అనుపమ, జి. సి. దేవాంగన్ దాని వర్ణపటాలు తీసి, వెలుగు తగ్గిన దశలో రెండవ తార జాడలు గుర్తించారు. మహాతార దశకు పోయే దారిలో ఉన్నదని మనం పైన చెప్పుకొన్న తార అదే. మద్రాసులో మొదలైన కథను, 136 సంవత్సరాల తరువాత మద్రాసు వేధశాల వంశంలోని వేధశాలయే ముందుకు నడిపినది.

‘కనబడలేదు’ అన్నది కూడ లెక్కే

షేఫర్ పాత తేదీలన్నిటిని కూర్చి, తరువాతి విస్ఫోటనం 2009 ప్రాంతంలో ఉండవలెనని ముందుగానే ప్రకటించారు. పరిశీలకులు కాచుకొని ఉన్నారు. 2010 జనవరి 28న ఫ్లోరిడాలో ఇద్దరు ఔత్సాహికులు, బార్బరా హారిస్, షాన్ ద్వొరాక్, దానిని పట్టుకొన్నారు. గంటలలో ప్రపంచ దూరదర్శినులు అటు తిరిగినవి. ఆ జోస్యానికి పునాది రాళ్లలో మొదటిది 1863 నాటి పోగ్సన్ రాత.

మనకు కూడ ఒక అవకాశం ఉన్నది. టి కరోనే 1866 తరువాత 1946 ఫిబ్రవరిలో మరల రేగినది. వ్యవధి 80 ఏండ్లు. 2024లోనే రేగవచ్చునని కొందరు అంచనా వేశారు గాని ఆ ఏడు అది కదలలేదు. ఆ తార ఉన్న ఉత్తర కిరీటం జూన్ రాత్రులలో మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా, స్వాతికి తూర్పున, అర్ధచంద్రాకారంలో కనబడుతుంది. రేగినప్పుడు దానికి దూరదర్శిని అక్కరలేదు. కిరీటంలోని అతి ప్రకాశమైన తారకు దీటుగా కంటికే కనబడుతుంది.

ఉపాధ్యాయులు ప్రతి పాఠశాలలోను ఒక నోటు పుస్తకం ఉంచి, విద్యార్థులచేత మూడు నిలువు గీతలు గీయించవలెను: తేదీ, వేళ, చూచినది. ఒక పిల్లవాడు మేడ ఎక్కి చూచి, కిరీటంలో కొత్త తార ఏదీ లేదని గమనిస్తే, ‘కనబడలేదు’ అని రాయవలెను. అది వ్యర్థం కాదు. ఒక తార ఏ రాత్రి రేగలేదో తెలిస్తేనే ఏ రాత్రి రేగినదో తేలుతుంది. 1863కు, 1906కు నడుమ గల 43 సంవత్సరాలలో అట్టి ఒక నోటు పుస్తకం ఎక్కడైనా ఉండి ఉంటే, పోగ్సన్ తార గుట్టు ఎంతో ముందుగా తెలిసి ఉండేది.